పెట్టె కింద నంబరు

నాకు కోపం ముందు పుట్టిందనీ, నేను తర్వాత పుట్టాననీ మా అమ్మ సన్యాసమ్మ అంటూ ఉండేది. ఆ కోపాన్ని నెల జీతం మీద పెట్టుకున్నవాడు శ్రీరామ్మూర్తి. గాజువాకలో ఏ గోడ మీద నల్ల వైరు పాకినా అది శ్రీరామ్మూర్తి కేబుల్ కిందే లెక్క. మొదట టీవీ వచ్చింది, తర్వాత అదే వైరులో ఇంటర్నెట్టు కూడా వచ్చింది. స్తంభాలెక్కి ఆ వైర్లు కలపడం నా ఉద్యోగం. మా ఏరియాలో ఇంకెవడైనా వైరు లాగితే ఆ వైరునీ, లాగినవాడినీ తెంపడం కూడా నా ఉద్యోగమే. నా పేరు పైడితల్లి. స్తంభాల దగ్గర కంటే రెండో పనిలోనే నాకు పేరెక్కువ.

2005 వానాకాలంలో పాత గాజువాకలో ఆశాజ్యోతి అనే ఆవిడ నెట్ సెంటర్ మీద ఒక డిష్షు లేచింది. ఆమెది గోదావరి జిల్లా. భర్త మోహనకృష్ణ స్టీలు ప్లాంటులో పని చేస్తాడు. అంతకు ముందు ఆవిడ మా వైరే పెట్టుకుంది. అది రోజుకి నాలుగుసార్లు పోయేది. ఓడల్లో ఉద్యోగానికి అప్లికేషన్ నింపుతున్న కుర్రాళ్ళు సగంలో తిట్టుకుంటూ లేచిపోయేవాళ్ళు. ఆవిడ ఫోన్ చేస్తే "సేత్తాం, సేత్తాం" అనేవాళ్ళం. చేసేవాళ్ళం కాదు. విసుగొచ్చి నెట్టుని ఆకాశం నుంచే దించుకుంది.

శ్రీరామ్మూర్తి ఒకరోజు పనిగట్టుకుని ఆ సెంటర్ ఎదురుగా కారాపించాడు. డిష్షుని కాసేపు చూసి, టీ కొట్టు దగ్గర పదిమందీ వింటుండగా నన్ను అడిగాడు.

"ఒరే పైడీ, వైరైతే కోసీవోడివి. ఆకాశాన్ని ఏటి కోత్తావురా?"

టీ కొట్టు వాడు కూడా నవ్వాడు. నాకు ఆ నవ్వు చాలు.

సోమవారం పొద్దున్న పదకొండు గంటలకి నలుగురం వెళ్ళాం. నాతో పాటు శ్రీరామ్మూర్తి మేనల్లుడు ఉమాశంకర్, ఇంకో ఇద్దరు. ఉమాశంకర్ బయటే నిలబడి ఇటుక ముక్కలు విసిరి డిష్షుని పక్కకి వంచాడు. ఇటుక పడిన ప్రతిసారీ పండగ జాతరలో బొమ్మ కొట్టినట్టు కేక పెట్టాడు. నేను ఇనప రాడ్డు పట్టుకుని లోపలికి వెళ్ళాను. కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళు నన్ను చూడగానే చెప్పులు వదిలేసి పరిగెత్తారు.

లోపల రెండు పెట్టెలున్నాయి. డిష్షు నుంచి వచ్చిన వైరు ఒక పెద్ద పెట్టెలోకి వెళ్తుంది. దాన్ని ఇనప జాలీలో పెట్టి గోడకి బిగించి తాళం వేశారు. నాలుగు దెబ్బలేసినా జాలీ కదల్లేదు. దాని పక్కన బల్ల మీద చిన్న పెట్టె. దాన్ని రూటర్ అంటారు. వచ్చిన నెట్టుని పది కంప్యూటర్లకీ పంచేది అదే. అది లేకపోతే డిష్షు ఉన్నా బట్టలారేసుకోవడానికి తప్ప పనికిరాదు. నేను దాని వైపు తిరిగేసరికి ఆశాజ్యోతి దాన్ని వైర్లతో సహా లాగి గుండెకి హత్తుకుంది.

"కంప్యూటర్లు కొట్టుకోండి బాబూ. ఇది మాత్రం వద్దండి. ఇది పోతే కంపెనీ నించి ఎప్పుడొస్తాదో ఏవిటో," అంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. రాడ్డు ఎత్తినప్పుడు ఆమె మొహం నాకు స్పష్టంగా కనిపించింది. ఆపగలిగేంత టైముంది. కోపం వస్తే ఒళ్ళు తెలియదంటారు కదా, నాకు బాగానే తెలిసింది. వద్దన్నందుకు ఇంకా రెచ్చిపోయి, అలాగే దింపాను. ఆమె ఎడమ భుజం దగ్గర ఎముక ఎండు కొమ్మలా ఫట్టుమంది. ఆమె అరవలేదు, నోరు తెరిచి గోడకి జారిపోయింది. రూటర్ కింద పడింది. దాని మీద ఇంకో దెబ్బ వేసి, ముక్కల్ని గోనెసంచిలో ఎత్తుకుని వచ్చేశాను.

ముక్కలు ఎందుకంటే, శ్రీరామ్మూర్తి మాట నమ్మడు. పగలగొట్టినదేదైనా తెచ్చి చూపించాల్సిందే. చినగంట్యాడలో ఉన్న అతని ఆఫీసు వెనక గోడ నిండా మేకులే. ఒక్కో మేకుకీ ఒక్కో కేబుల్ వాడి పెట్టె, వైరు చుట్ట, ఒకచోట ఎవడిదో హెల్మెట్టు. వేటగాళ్ళు జింక తలలు తగిలించుకుంటారట. మా వాడికి ఇవి. ఆ రూటర్‌ని కూడా తన చేత్తోనే మేకుకి తగిలించి, వెనక్కి జరిగి చూసుకుని, నాకు ఇంకో పని చెప్పాడు.

"ఆ డిష్షు కట్టినోడు ముజీబుగాడే. ఇంకో పెట్టె తెచ్చి మళ్ళీ నడిపిత్తాడు, ఆడి సంగతి నాకు తెల్సు. ఆడి కుడిసెయ్యి ఇరిసెయ్. శుక్రవారం దాటకూడదు. దాంతో ఈ ఊళ్ళో ఇంకెవడూ డిష్షు కట్టడు."

"అన్నయ్యా, ముజీబు నాతో ఎనిమిదేళ్ళు..."

"అందుకే నీకు సెప్పింది. నువ్వు ఇరవకపోతే ఉమాశంకర్‌ని పంపుతాను. ఆడు సేతితో ఆగడు."

అది నిజమే. ఉమాశంకర్‌కి ఎక్కడ ఆపాలో తెలియదు. ఎముక విరిచేవాడికీ మనిషిని చంపేవాడికీ తేడా ఉంటుందని అప్పట్లో నేను గొప్పగా అనుకునేవాణ్ణి.

ముజీబూ నేనూ శ్రీరామ్మూర్తి దగ్గర ఒకే రోజు పనిలో చేరాం. ఎనిమిదేళ్ళపాటు ఒకడు నిచ్చెన ఎక్కితే ఒకడు కింద పట్టుకున్నాం. వాడు ఏడాది కిందట మానేసి డిష్షుల పని నేర్చుకున్నాడు. నన్నూ రమ్మన్నాడు. ఉప్పు తిన్న చోటు వదలకూడదని వాడికి నీతులు చెప్పి పంపించాను.

మంగళవారం పాత నగరంలో వాళ్ళింటికి వెళ్ళాను. కొట్టడానికి వెళ్తున్నానో చెప్పడానికి వెళ్తున్నానో తలుపు తట్టేదాకా నాకే తెలియదు. ఆ అవసరం కూడా రాలేదు. తలుపు తీసినవాడు తీసినట్టే నా మూతి మీద గుద్దాడు. పన్ను కదిలింది.

"ఆడమనిసిని కొట్టినావేట్రా! ఆడమనిసిని!"

నేనూ ఊరుకునే రకం కాదు. వాణ్ణి మెడ పట్టి గోడకేసి కొట్టాను. వాడు నా కడుపులో మోకాలితో తన్నాడు. ఇద్దరం వాకిట్లో పడి దొర్లాం. పూలకుండీ పగిలింది. వాడి కనుబొమ్మ చిట్లి రక్తం నా కళ్ళలో పడింది. వాడి కుడిచెయ్యి నా మోకాలి కింద దొరికింది. ఒక్కసారి బరువు వేస్తే పని అయిపోయేది. వేయలేదు. అప్పుడే వాళ్ళమ్మ గుల్జార్ బేగం బకెట్‌తో నీళ్ళు తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించింది. ఆ ఖాళీ బకెట్‌తో నా వీపు మీద ఒకటి, వాడి వీపు మీద ఒకటి వేసింది.

"కుక్కలు కూడా ఇంతకంటే నయం. లెగండి," అంది.

లేచి గోడకానుకుని కూర్చున్నాం. ఆవిడ చెరో గుడ్డ ముక్క విసిరి లోపలికి వెళ్ళిపోయింది.

"నీ కుడిసెయ్యి అడిగాడు బావా," అన్నాను. "శుక్రవారం లోగా. నాను సెయ్యకపోతే ఉమాశంకర్ వొత్తాడు. నువ్వు నాలుగు రోజులు ఎక్కడికేనా ఎల్లిపో."

"ఎల్లను. ఆ గది అద్దెకిచ్చిన ఇంటాయన, శుక్రవారానికి సెంటర్ తెరవకపోతే గది శ్రీరామ్మూర్తికిచ్చీస్తాడంట. ఆవిడ కట్టు కట్టుకుని పొద్దున్నే వొచ్చి కుర్సీలో కూకున్నాది. నానెక్కడికెల్తాను?"

"మరైతే ఇంకో రూటర్ పెట్టి నడిపీ, తొందరగా."

వాడు నవ్వాడు. నవ్వితే కనుబొమ్మ నొప్పెట్టి మళ్ళీ తిట్టాడు.

"పొద్దున్నే డాబాగార్డెన్స్ నించి వేరే కంపెనీది కొత్త రూటర్ తెచ్చి పెట్టాను. దీపాలన్నీ ఎలగతన్నాయి. నెట్టు మాత్రం రాదు. డిష్షు వంగిందనొక్కటే కాదు, దాన్ని నాను తిప్పీగలను. ఇంకెందుకో తెలుసా? ఆ జాలీలో పెద్ద పెట్టుంది సూడు, అది అందరితోనూ మాటాడదు. మొదట ఏ రూటర్‌ని కంపెనీ ఎక్కించిందో దాని నంబరొక్కటే గుర్తెట్టుకుంటాది. కొత్తదాన్ని తగిలిత్తే మొహం తిప్పీసుకుంటాది. కంపెనీకి ఫోన్ సేత్తే, ఉత్తరం రాయండి, మూడు వారాలు పడతాదన్నారు."

"మూడు వారాలా?"

"ఒక దారుంది. కొత్త రూటర్‌లో ఒక గడుంటాది. ఆ గడిలో పాతదాని నంబరు కొట్టామనుకో, పెద్ద పెట్టి ఇదే పాతది అనీసుకుంటాది. పన్నెండు అంకెలూ అచ్చరాలూ. పాతదాని పొట్ట కింద సీటీ మీద ఉంటాయి."

"నువ్వు రాసుకోనేదేటి?"

మా వాళ్ళందరికీ ఒక అలవాటుంది. ఏ నంబరైనా పక్కనే ఉన్న గోడ మీద రాసేస్తాం. కాగితాలు పోతాయి, గోడలు పోవు. గాజువాకలో సగం ఇళ్ళ గోడల మీద మా రాతలే ఉంటాయి. ముజీబు తలొంచుకున్నాడు.

"పెన్ను తీసాను బావా. కొత్తగా రంగేయించామండి, గోడ మీద రాయకండి అన్నాదావిడ. మొగమాటానికి పోయి జేబులో ఎట్టీసాను." గుడ్డతో రక్తం తుడుచుకుని నా వైపు చూశాడు. "ఆ ముక్కలు మేకుకే ఉంటాయి కదా. నంబరు తే. తెచ్చాక కావాలంటే సెయ్యి నువ్వే ఇరుసుకో."

కుడిచెయ్యి నిజంగానే నా ముందు చాపాడు. దాన్ని పక్కకి తోసేసి వచ్చేశాను. దారి పొడుగునా వాణ్ణి తిట్టుకున్నాను, తర్వాత నన్ను తిట్టుకున్నాను. తిట్లు అయిపోయాయి గానీ దారి అయిపోలేదు.

బుధవారం మధ్యాహ్నం శ్రీరామ్మూర్తి భోజనానికి వెళ్ళిన వేళ ఆఫీసుకి వెళ్ళాను. వెనక గోడ మీద రూటర్ ఒకే మేకుకి వేలాడుతోంది. తిప్పి చూశాను. నా రెండో దెబ్బకి పైభాగం చితికింది గానీ కింద చీటీ మిగిలింది. జేబులో పెన్నుంది, కాగితం లేదు. గోడ మీద రాసి లాభం లేదు కదా. ఎడమ ముంజేతి మీద రాసుకున్నాను. నేను చదివింది ఏడో తరగతి. ఆ ఇంగ్లీషు అక్షరాలు చీమల్లా కనపడ్డాయి. ఒక్కోటీ నోట్లో అనుకుంటూ దించాను.

"ఏటి బావా, సేతి మీద రాత్తన్నావు?"

బిర్యానీ పొట్లం పట్టుకుని ఉమాశంకర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఫోన్ నంబరు," అన్నాను.

వాడు దగ్గరికి వచ్చి తొంగి చూశాడు. వాడు బీకాం దాకా చదివినవాడు.

"ఫోన్ నంబర్లో ఏబీసీడీలు ఎప్పుడు పెట్టారేటి?"

మేకు మీది పెట్టె ఇంకా ఊగుతోంది. వాడి కళ్ళు దాని మీదికి వెళ్ళాయి, మళ్ళీ నా చేతి మీదికి వచ్చాయి. వాడికి అర్థమయ్యేలోపే నా నుదురుతో వాడి ముక్కు మీద పొడిచాను. ముక్కు చితికింది. బిర్యానీ గోడంతా పడింది. వాడు పడుతూ పడుతూ బల్ల మీదున్న గాజు గ్లాసు అందుకుని నా మీద విసిరాడు. అడ్డం పెట్టిన ఎడమ చెయ్యి తెగింది. వాడి పొట్టలో ఇంకో తన్ను తన్ని బయటపడ్డాను. షేర్ ఆటోలో ఆడవాళ్ళు నన్ను చూసి ముడుచుకుని కూర్చున్నారు. నంబరు మీదికి రక్తం రాకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని పాత గాజువాక దాకా వెళ్ళాను.

సెంటర్లోకి అడుగు పెట్టగానే ఆశాజ్యోతి లేచి నిలబడింది. వెనక కుర్చీ పడిపోయింది. ఎడమ చెయ్యి మెడకి కట్టి ఉంది. మొహం పాలిపోయింది.

"ఈయనెందుకొచ్చేడండి?" అని ముజీబుని అడిగింది.

"నంబరు తెచ్చాడండి."

ఆమె కుర్చీ లేపి కంప్యూటర్ ముందు కూర్చుంది. నాకైతే ఆమె నన్ను ఏదో ఒకటి అంటే బాగుండనిపించింది, తిట్టినా సరే. చెయ్యి బల్ల మీద పెట్టాను. ఆమె కంప్యూటర్లో ఆ గడి తెరిచి, నా చేతి వైపు చూసి, ఒంటి చేత్తో ఒక్కో అక్షరం కొట్టింది. పదో అక్షరం దగ్గర ఆగింది.

"ఇక్కడ రక్తం పడిందండి. ఎనిమిదా, బీ నా?"

"ఎనిమిదనుకుంటాను," అన్నాను.

అది కొట్టింది. ఇక మిగిలింది ఇటుకలకి వంగిన డిష్షు. సన్‌షేడ్ పైన గోడకి బిగించిన పైపు మీద ఉంది. వీధిలోంచి నిచ్చెన వేస్తే తప్ప అందదు. "నాను తిప్పుతుంటాను, మీరు సిగ్నల్ ఎంతుందో కిటికీలోంచి గట్టిగా సదవండి," అని ఆమెకి చెప్పి ముజీబు స్పానర్ తీసుకుని ఎక్కాడు. నిచ్చెన పట్టుకోమని నన్ను అడగలేదు. నేనూ పట్టుకోనా అని అడగలేదు.

మా పనిలో ఒకటే కట్టుబాటు. పైకెక్కినవాడు కిందికి చూడడు. కిందవాడు, పైవాడు 'దిగాను' అని చెప్పేదాకా చెయ్యి తియ్యడు. వానొచ్చినా, పోలీసొచ్చినా, కాలి మీద తేలు పాకినా తియ్యడు. నేను రెండు చేతులూ నిచ్చెన గెడల మీద వేశాను.

"నలభై ఒకటండీ!" అని లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది.

అప్పుడే రెండు మోటారు సైకిళ్ళు ఆగాయి. ఉమాశంకర్ దిగాడు. ముక్కు మీద తువ్వాలు, చేతిలో రాడ్డు. వెనక ఇద్దరు. ఇద్దరూ నేను పని నేర్పినవాళ్ళే.

"ఒగ్గీ బావా. నిచ్చెన ఒగ్గీ. నిన్నేటీ సెయ్యం," అన్నాడు.

నేను గెడల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మొదటి దెబ్బ నడుం మీద పడింది. రెండోది వీపు మీద. నేను చేతుల్ని మెట్ల సందుల్లోంచి దూర్చి నిచ్చెనని కావలించుకున్నాను. ఒకడు కింద గెడ పట్టుకుని లాగబోతే మోకాలితో వాడి దవడ మీద కొట్టాను. వాడు కాలవలో పడ్డాడు. అప్పుడు ఉమాశంకర్ నా వేళ్ళ మీద మొదలుపెట్టాడు.

"యాభై మూడు!"

కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ఒకే దెబ్బకి పోయాయి. నోట్లోంచి శబ్దం రాకుండా నిచ్చెన మెట్టుని పళ్ళతో కరిచాను. వెదురు రుచి, రక్తం రుచి కలిసి వచ్చాయి. రోడ్డు మీద లారీలు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. టీ కొట్టు వాడు షట్టర్ దించేశాడు.

"బావా, నిచ్చెన ఊగతంది," అన్నాడు ముజీబు పైనుంచి.

"గాలి," అన్నాను.

"అరవై ఎనిమిదండీ! ఇంకొంచెం!"

ఎడమచేతి మణికట్టు కూడా విరిగింది. పట్టు వేళ్ళతో కాక మోచేతులతో బిగించాను. ఉమాశంకర్ రొప్పుతున్నాడు. "సత్తావురా, ఒగ్గీ! నీకేటౌతాడ్రా ఆడు!" అని ఏడుపుగొంతుతో అరుస్తూ కొడుతున్నాడు. వాడికి కోపం కంటే భయం ఎక్కువైంది. అలాంటివాడి దెబ్బలు లెక్క తప్పుతాయి. ఒకటి చెవి మీద తగిలి లోకమంతా గుయ్యిమంది.

"ఎనభై రెండు! సిగ్నల్ వచ్చేసిందండీ! కానీ పేజీ రాటం లేదు!"

"ఎనిమిది తీసీసి బీ కొట్టండి!" అని ముజీబు అరిచాడు.

బీ కొట్టింది. నంబరు మారిస్తే ఆ రూటర్ ఆరిపోయి మళ్ళీ వెలగాలి. నిమిషంన్నర పడుతుందట. ఆ నిమిషంన్నర నాకు ఇప్పటికీ పూర్తిగా గుర్తులేదు. మోకాళ్ళ మీద ఉన్నానని గుర్తు. నా మొహం నిచ్చెనకి ఆనించి ఉందని గుర్తు. మా అమ్మ పేరు పిలిచానని తర్వాత ఎవరో చెప్పారు.

"వచ్చిందండీ! పేజీ వచ్చేసింది!"

అదే వేళకి ప్లాంటు బస్సు వచ్చి ఆగింది. పొద్దున్న షిఫ్టు దిగినవాళ్ళు రోజూ అక్కడే దిగుతారు. ముందు దిగినవాడు మోహనకృష్ణ. తన సెంటర్ ముందు జరుగుతున్నది చూశాడు. చేతిలోని హెల్మెట్టుతోనే ఉమాశంకర్ తల మీద కొట్టాడు. వెనక ఇరవై మంది దిగారు. కొలిమి దగ్గర ఎనిమిది గంటలు కాగి వచ్చిన చేతులవి. ఉమాశంకర్‌ని రోడ్డు మీద ఈడ్చి తన్నారు. వాడి పళ్ళు రెండు నా పక్కనే పడ్డాయి. నాకు సంతోషమే కలిగింది, దాచుకోవడం దేనికి.

"దిగాను బావా," అన్నాడు ముజీబు నా చెవి దగ్గర.

నా చేతులు ఊడి రాలేదు. వాడే ఒక్కో మోచెయ్యీ మెట్ల సందుల్లోంచి నెమ్మదిగా తీశాడు.

మర్నాడు ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి రెండు చేతులూ భుజాల దాకా సిమెంటు కట్టు. ఎడమ బొటనవేలు ఒక్కటే బయటికి ఉంది. ముజీబు స్టూలు మీద కూర్చుని నాకు చెంచాతో టీ తాగించాడు. వాడి కుడిచెయ్యి బాగానే ఉంది.

"గాలి కాదని నాకు తెలుసు," అన్నాడు. "మొదటి దెబ్బకే తెలిసింది. దిగిపోతే మళ్ళీ సిగ్నల్ పోతాదని దిగనేదు. నువ్వు తన్నులు తింటన్నావని తెలిసే బోల్టులు బిగించాను బావా."

నేనైతే దిగేవాడినా? తెలియదు. వాడి మీద కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎస్సై వొత్తన్నాడు. శ్రీరామ్మూర్తి మీదా ఉమాశంకర్ మీదా కేసు కట్టారు. నువ్వే సాచ్చివి. నిన్నటిదొక్కటే సెప్పు. సోమవారం సంగతి ఎత్తకు. కొట్టిందెవరో ఆవిడ పోలీసులకిచ్చిన కాగితంలో రాయించనేదు. నిన్న నీ సేతులు సూసి ఆగిపోనాది. నువ్వు నోరు మూసుకుంటే అయిపోద్ది."

ఎస్సై వచ్చాడు, పక్కన రాసేవాడు. వాళ్ళ వెనక మోహనకృష్ణ, ఆశాజ్యోతి. ఆమె నా మంచం కాళ్ళ వైపు నిలబడింది. మెడకి కట్టిన చెయ్యి అలాగే ఉంది. నా మొహం చూడలేదు, కిటికీ వైపు చూస్తోంది.

నిన్నటిదంతా చెప్పాను. శ్రీరామ్మూర్తి ముజీబు చెయ్యి అడిగిన మాట కూడా చెప్పాను. రాసేవాడి పెన్ను ఎక్కడా ఆగలేదు. అంతా అయ్యాక ఎస్సై అడిగాడు.

"సోమవారం ఈవిడ ఎముక విరగ్గొట్టింది ఎవరు?"

ముజీబు నా మంచం పట్టెని గట్టిగా పట్టుకున్నాడు. ఉమాశంకర్ అంటే సరిపోతుంది. అందరూ నమ్ముతారు. వాడికి పళ్ళే లేవు, కాదనడానికి వారం పడుతుంది. నాకు చేతులు పోయాయి, ఇంకెంత పోవాలి అని కూడా అనుకున్నాను. ఆమె ఇంకా కిటికీ వైపే చూస్తోంది. కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో కింద నుంచి ఎత్తి పట్టుకుని ఉంది. ఆ ఎముక ఇంకా అతకలేదు.

"నానే సార్," అన్నాను.

"నోర్ముయ్ బావా," అన్నాడు ముజీబు. "సార్, ఈడికి జొరం. ఏదేదో..."

ఎస్సై చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు. "పెట్టెని కొడుతుంటే ఆవిడ అడ్డం వచ్చిందా? పొరపాటున తగిలిందా?"

ఆమె అప్పుడు నా వైపు తిరిగింది. అదే మొహం. రాడ్డు ఎత్తినప్పుడు నాకు స్పష్టంగా కనిపించిన మొహం.

"పొరపాటు కాదు సార్. ఆవిడ్ని సూసాను. వొద్దన్నాది, ఇన్నాను. సూసే కొట్టాను."

ఆశాజ్యోతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"రాసుకోండి," అంది రాసేవాడితో.

అతను రాశాడు. చదివి వినిపించాడు. సంతకం పెట్టమనబోయి నా చేతులు చూసి, సంచిలోంచి సిరా పెట్టె తీశాడు. నేను లేవలేను, చెయ్యి కదపలేను. ఆ సిరా పెట్టె ముజీబు అందుకున్నాడు. వాడి మొహం నిండా కన్నీళ్ళు. నన్ను బండబూతులు తిడుతూనే నా ఎడమ బొటనవేలు మెల్లగా పట్టుకుని, సిరాలో ముంచి, కాగితం మీద నొక్కాడు.